కప్పు మాట్లాడేదాకా

గేటు పక్కన వేలాడదీసిన బోర్డు రాసింది నేనే. "కొత్త ప్రయోగాలు చేసి చూడడానికి మనుషులు కావలెను. చదువుతో నిమిత్తం లేదు. టీ ఇస్తాం." రాజమండ్రిలో మా సందు మొదట్లో ఒక కంటి ఆసుపత్రి ఉంది, సందు చివర మేమున్నాం. ఆసుపత్రికి వచ్చినవాళ్ళూ, వాళ్ళకి తోడుగా వచ్చినవాళ్ళూ తమ వంతు వచ్చేదాకా ఆ సందులో అటూ ఇటూ తిరుగుతుంటారు. వాళ్ళ కంట పడాలనే బోర్డు అక్కడ పెట్టాం. పెట్టిన రోజే ఒక పెద్దాయన లోపలికి వచ్చి, కూర్చోకుండానే అడిగారు.

"ఇంజక్షన్లాండి, బిళ్ళలాండి?"

నాకు అర్థం కాలేదు.

"అదేనండి, ప్రయోగాలన్నారు కదా. ఏది ఇస్తారోనని."

మనుషుల మీద చేసేవి కావండీ, మనుషులు చేసేవి అని చెప్పాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. టీ మాత్రం తాగి వెళ్ళారు. ఆ సాయంత్రం బోర్డు దింపి మళ్ళీ రాశాను. "కాగితం, తీగ, అయస్కాంతం. మీరే తయారుచేయండి. మాకు చూపించండి." ఆ మాటలకి జనం వచ్చారు.

మాది చిన్న సైన్సు కేంద్రం. ఒకప్పుడు బట్టల గోడౌనుగా ఉన్న డాబా. అప్పుడప్పుడు ఒక ఆదివారం, మండపేటలోనో పెద్దాపురంలోనో ఏదో ఒక హాలు తీసుకుని, వచ్చినవాళ్ళందరి చేతా ఏదో ఒకటి చేయిస్తాం. అక్కడ చూసి పోవడం ఉండదు. చేసి, చేసింది పట్టుకుపోవాలి. పిల్లలే రావాలని నియమం లేదు. తాతలు వస్తారు, రైసుమిల్లులో సెలవు దొరికినవాళ్ళు వస్తారు, ఊరికే ఫ్యాను కింద కూర్చోవడానికి వచ్చేవాళ్ళూ ఉంటారు. అంతమంది ముందు పెట్టే ముందు ఆ పని మామూలు మనిషికి సాధ్యమేనా, ఎక్కడ ఆగిపోతారు, ఎక్కడ విసుక్కుని లేచిపోతారు అన్నది ముందుగా చూసుకోవాలి. ఆ చూడడమే నా ఉద్యోగం.

అంతకు ముందు ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. చెప్పడమంటే నాలుగు జవాబుల్లో ఏది ఒప్పో తొందరగా గుర్తుపట్టడం నేర్పడం. ల్యాబు బెంచీల మీద పరీక్ష పేపర్ల కట్టలు పేర్చి ఉండేవి. కాలేజీ ఊరి బయటికి మారినప్పుడు రోజూ అంత దూరం తిరగలేక మానేశాను. అంతకు మించి కారణమేమీ లేదు. ఇక్కడ చేరినప్పుడు మా ఇన్‌ఛార్జి, నాకంటే బాగా చిన్నవాడు, కాకినాడలో మెకానికల్ చదివి వేరే రాష్ట్రంలో ఒక మ్యూజియంలో పనిచేసి వచ్చినవాడు, మొదటి రోజే ఒక్క మాట చెప్పాడు.

"మేడమ్, మీరు సాయం చెయ్యకూడదు. అదొక్కటే రూలు."

"మరి వాళ్ళకి రాకపోతే?"

"రాకపోతే రాలేదని మనకి తెలుస్తుంది. మీరు హెల్ప్ చేశారనుకోండి, బాగానే వచ్చిందని మనం అనుకుంటాం. ఆదివారం ప్రతి టేబుల్ దగ్గరా మీరుండరు కదండీ."

అతను చెప్పింది సబబే. కానీ పాఠం చెప్పే అలవాటు అంత తేలిగ్గా పోదు. ఎవరైనా కత్తెర తప్పుగా పట్టుకుంటే నా చెయ్యి దానంతటదే ముందుకు పోయేది. అతను అది గమనించి, ఎవరైనా పనిలో కూర్చోగానే నా చేతికి టీ గ్లాసు ఇవ్వడం మొదలుపెట్టాడు. రెండు చేతులతో పట్టుకోమనేవాడు. టీ చల్లారిపోయినా గ్లాసు కింద పెట్టకూడదు. అలా కొన్ని వారాలకి నాకు చూడడం అలవాటైంది. ఎదుటి మనిషి తడబడుతుంటే ముఖంలో ఏమీ తెలియనివ్వకుండా కూర్చోవడం కూడా వచ్చింది. అదొక విద్య అనే అనుకున్నాను.

నేను కల్పించిన మొదటి పని కాగితం కప్పు స్పీకరు. టీ తాగే కాగితం కప్పు ఒకటి, గుండ్రటి చిన్న అయస్కాంతం ఒకటి, సన్నటి రాగి తీగ కొంచెం. తీగని మార్కరు పెన్ను చుట్టూ చుట్టి, ఆ చుట్టని కప్పు అడుగున అంటించాలి. అయస్కాంతాన్ని దానికి ఎదురుగా అట్టముక్క మీద పెట్టాలి. తీగ రెండు కొసలకీ క్లిప్పులు తగిలించి, ఫోనుకి కలిపిన చిన్న యాంప్లిఫయర్‌కి ఇస్తే, కప్పు చెవి దగ్గర పెట్టుకున్నవాళ్ళకి ఫోనులో వచ్చే మాట వినపడుతుంది. పెద్దగా కాదు. గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడుతుంది. నాకు అదే నచ్చింది.

తీగ మోటార్ వైండింగ్ షాపులోంచి తెచ్చాం. అది చూడడానికి వట్టి రాగిలాగే మెరుస్తుంది గానీ, దాని మీద సన్నటి వార్నిష్ పూత ఉంటుంది. ఆ పూత ఉండబట్టే మోటారులో చుట్టలు ఒకదానికొకటి తగిలినా కరెంటు అడ్డదారి పట్టదు. కాబట్టి కొసల దగ్గర పూత గీకితే తప్ప క్లిప్పు తగిలించినా ప్రయోజనం లేదు. నేను కావాలనే ఆ విషయం చెప్పకుండా వదిలేశాను. కప్పు మాట్లాడదు. ఎందుకు మాట్లాడదో వెతకాలి. వెతకడానికి పక్కన ఒక బ్యాటరీ, చిన్న బల్బు పెట్టాను. సాండ్ పేపర్ ముక్క కూడా ఒకటి మిగతా సామానుతో కలిపి బల్ల మీదే ఉంచాను. కనుక్కున్నప్పుడు కలిగే ఆనందమే ఈ పనిలో అసలు సంగతి అని ఇన్‌ఛార్జికి చెప్పాను. అతనికి బాగా నచ్చింది.

వచ్చినవాళ్ళు రకరకాలుగా చేశారు. కాగితం మీద అచ్చేసిన సూచనలు ఎవరూ చదవలేదు. దాని మీద టీ గ్లాసు పెట్టారు. కొందరు కప్పు మూతి వైపు తీగ అంటించారు. డిగ్రీ చదివే అమ్మాయిలు ఇద్దరు తీగ చుట్టినంతసేపూ కబుర్లాడుకుని, మాట రాకపోయేసరికి ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. ఒక ఆటో ఆయన మాత్రం చూడగానే పూత గీకేశాడు. వాళ్ళ బావమరిదిది వైండింగ్ షాపేనట. ఇంకొకటి కూడా గమనించాను. ఇద్దరు కలిసి వస్తే తీగ ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంటుంది. తండ్రీ కూతురూ వస్తే తండ్రి చేతిలో, మొగుడూ పెళ్ళాం వస్తే మొగుడి చేతిలో. తల్లులు కూడా తక్కువేం కాదు, పిల్లల చేతుల్లోంచి లాక్కుంటారు. ఇదంతా ఇన్‌ఛార్జికి చెబితే అతను నవ్వి, "దానికి మనమేం చేస్తాం మేడమ్," అన్నాడు.

నేనిప్పుడు చెప్పబోయే దంపతులు అలా వచ్చినవాళ్ళే. ఆయనకి అరవై దాటి ఉంటాయి. మండపేట దగ్గర పల్లెటూరు, వరి వ్యవసాయం. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు. ఒక కన్ను ఎప్పటి నుంచో అంతంతమాత్రమేనని, రెండో కంటికి ఆపరేషన్ అయి కొద్ది రోజులే అయిందని, చూపించుకోవడానికి వచ్చామని ఆవిడ చెప్పింది. ఆవిడ ఆయనకంటే కొంచెం చిన్న. చేతిలో మందుల సంచి. వస్తూనే గుమ్మం దగ్గర మెట్టుంది చూసుకోండని ఆయనకి చెప్పింది. ఆయన విసుగ్గా, "కనపడతందిలే," అన్నారు.

సామాను ఇద్దరి మధ్యా పెట్టాను. ఆవిడ తీగ అందుకుని పెన్ను చుట్టూ చుట్టడం మొదలుపెట్టింది. వరస మీద వరస, ఎక్కడా పక్కకి జారకుండా చుడుతోంది. ఆయన కాసేపు చూసి చెయ్యి చాపారు.

"ఇలా ఇయ్యి. నీకు తెలీదు."

ఆవిడ ఇచ్చేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన తీగని ముక్కు దగ్గరికి తీసుకుని చూశారు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూశారు. చుట్ట వదులైపోయి తీగ స్ప్రింగులా విచ్చుకుంది. మళ్ళీ చుట్టారు. కొస ఎక్కడుందో దొరక్క బల్ల మీద వేళ్ళతో తడిమారు. ఆవిడ చెయ్యి కొంచెం కదిలి ఆగిపోయింది. చివరికి ఎలాగో తగిలించి కప్పు చెవి దగ్గర పెట్టుకున్నారు.

"ఏమీ రావట్లేదే. ఏవమ్మా, ఇది పనిచేసేదేనా?"

"పనిచేస్తుందండి."

"చైనా సరుకై ఉంటాది," అని లేచారు. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఆవిడ గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి బల్ల వంక చూసింది.

తరువాతి వారం ఆవిడ ఒక్కతే వచ్చింది. ఆయన్ని లోపల పరీక్షలకి కూర్చోబెట్టారట, చాలాసేపు పడుతుందన్నారట.

"ఖాళీగా ఉంటే ఆ కప్పు ఇంకోసారి చూద్దామని వచ్చానమ్మా. ఫర్వాలేదా?"

"రండి పిన్నిగారూ, కూర్చోండి."

ఇన్‌ఛార్జి నా చేతికి టీ గ్లాసు ఇచ్చి తన గదిలోకి వెళ్ళాడు. ఆవిడ మొదటి నుంచీ మొదలుపెట్టింది. తీగ చుట్టింది, అంటించింది, తగిలించింది. కప్పు మాట్లాడలేదు. అయస్కాంతం తిరగేసి పెట్టింది. ఇంకొన్ని చుట్లు కలిపింది. క్లిప్పులు ఊడతీసి గట్టిగా నొక్కి పెట్టింది. ప్రతి మార్పుకీ ఒకసారి కప్పు చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేది. తరువాత కప్పు నెమ్మదిగా కింద పెట్టేది. ఇంత ఓపికగా ప్రయత్నించిన మనిషిని అంతకు ముందు నేను చూడలేదు.

"లోపల ఎక్కడన్నా వైరు తెగిపోయిందేమోనమ్మా?"

ఇలాంటి ప్రశ్నలకి ఏం చెప్పాలో కూడా మాకొక పద్ధతి ఉంది. అదే చెప్పాను. "మీకేమనిపిస్తోందండి?"

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఏమీ దొరకలేదు కాబోలు, మళ్ళీ తీగ వైపు తిరిగింది. బల్బు, బ్యాటరీ తీసుకుని తీగ రెండు కొసలకీ ఆనించి చూసింది. వెలగలేదు. "తెగిందన్నమాటే," అని చుట్టంతా విప్పి, వేళ్ళ మధ్య పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమి చూసింది. ఎక్కడా తెగలేదు. అంతలో ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. "దీన్నిలాగే ఉంచమ్మా, మళ్ళీ వస్తాను," అని వెళ్ళిపోయింది.

కప్పునీ తీగనీ ఒక అలమరలో పెట్టాను. ఆ వారమంతా దాన్ని చూసినప్పుడల్లా కొసలు కొంచెం గీకి ఉంచుదామా అనిపించేది. ఇన్‌ఛార్జితో ఆ మాట అంటే వద్దన్నాడు. "ఆవిడ దగ్గరికొచ్చేశారు మేడమ్. పాడుచెయ్యకండి." నిజానికి నేనూ గీకేదాన్ని కాదు. ఆవిడ కనుక్కునే క్షణం చూడాలని నాకూ ఉంది.

మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ ఎప్పటిలా పలకరించలేదు. మందుల సంచి పక్కన పెట్టి, అలమరలోంచి నేను తీసిచ్చిన కప్పూ తీగా అందుకుని, మళ్ళీ చుట్టి అంటించే పనిలో పడింది. ఫోనులో రేడియో పెట్టి ఉంచాను. క్లిప్పులు రెండిటినీ ఆవిడ తీగ మీద నొక్కి అటూ ఇటూ కదుపుతుండగా కప్పులోంచి ఒక్క ముక్క వినపడింది. మగ గొంతు, ఏదో సగం మాట. అంతలోనే పోయింది. ఆవిడ ఉలిక్కిపడింది. క్లిప్పుల్ని ఉన్నచోటే కదల్చకుండా పట్టుకుని వంగి చూసింది. క్లిప్పు పళ్ళు తీగని కొరికిన చోట చిన్న గీత. ఆ గీత దగ్గర తీగ రంగు వేరుగా ఉంది.

ఆవిడ గాజులకి తగిలించుకున్న పిన్నీసు తీసింది. తీగ కొసని బల్ల మీద ఆనించి పిన్నీసు మొనతో గీకింది. ముదురు రంగు లేచి లేత రంగు బయటపడింది. రెండో కొస కూడా గీకింది. బల్బుకి ఆనించింది. వెలిగింది. క్లిప్పులు తగిలించి కప్పు చెవి దగ్గర పెట్టుకుంది. రేడియోలో ఎవరో వంగతోటకి పట్టే పురుగు గురించి చెబుతున్నారు. ఆవిడ పురుగు మందు పేరు దాకా మొత్తం విన్నది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కప్పు కింద పెట్టి, బల్ల మీద మొదటి నుంచీ పడి ఉన్న సాండ్ పేపర్ ముక్కని వేలితో ముందుకి లాగింది. దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఇది దీనికేనా?"

"అవునండి."

"అంటే నీకు తెలుసు."

"తెలుసండి."

"పోయిన వారం నేను వైరంతా విప్పి చూసినప్పుడూ తెలుసా?"

"తెలుసండి. ఇక్కడి పద్ధతే అదండి. ఎవరికి వాళ్ళే కనుక్కోవాలని..."

"కనుక్కున్నానుగా," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "నిన్న ఇంకోటి కూడా కనుక్కున్నాను. మావారి కంటికి నరం దెబ్బతిందంట. పొర తీసినా ఆ కంటికి చూపు పెద్దగా రాదని డాక్టరుగారు ఆపరేషన్‌కి ముందే చెప్పారంట. ఆయనకి తెలుసు, మా అబ్బాయికి తెలుసు, కోడలికీ తెలుసు. నాతో అంటే కంగారు పడతానని ఎవరూ అనలేదంట. నేను పూటపూటా చుక్కలేస్తా, ఇవాళేమన్నా కనపడతందా అండీ అని అడుగుతున్నాను. కొంచెం కనపడతందే అంటున్నారు ఆయన. తెలిసినవాళ్ళంతా నా మొహం చూస్తా కూర్చున్నారు. ఇక్కడికొస్తే నువ్వూ అదే చేశావు."

రెండూ ఒకటి కావని చెప్పవచ్చు. ఇది ఆట, అది జీవితం అనవచ్చు. ఆవిడ ముందు కూర్చుని ఆ మాట అనడం సాధ్యం కాలేదు. చేతిలో గ్లాసు ఉందని అప్పుడు గుర్తొచ్చి బల్ల మీద పెట్టాను.

"మీరు అడిగితే చెప్పొచ్చని నాకు తట్టలేదు పిన్నిగారూ," అన్నాను చివరికి.

"అడిగాను కదమ్మా. వైరు తెగిందేమోనని అడిగాను. నాకేమనిపిస్తోందని నన్నే అడిగావు."

సంచి తీసుకుని వెళ్ళిపోయింది. టీ తాగలేదు. కప్పు బల్ల మీదే ఉండిపోయింది. రేడియో ఇంకా నడుస్తోంది. ఫోను ఆపేశాను.

జరిగింది ఇన్‌ఛార్జికి చెప్పాను. అతను వినిపించుకోకుండా ఉండే మనిషి కాదు గానీ, అతని దృష్టి వేరు.

"ఆవిడే సొంతంగా కనుక్కున్నారు మేడమ్. ఇంతవరకూ మనం చూసినవాటిలో ఇదే బెస్ట్ టెస్ట్."

"ఆవిడకి అలా అనిపించలేదు."

"వాళ్ళింట్లో గొడవ ఏదో ఉంది కాబట్టి అలా అనిపించింది. అందరి ఇళ్ళల్లో ఉండదు కదా."

"ఏదో ఒకటి అందరి ఇళ్ళల్లోనూ ఉంటుంది," అన్నాను. "ఆదివారం వచ్చే వందమందిలో ఎవరి ఇంట్లో ఏముందో మనకెలా తెలుస్తుంది?"

అతను ఆలోచించి, అయితే కొసలు ముందే గీకి ఇచ్చేద్దామన్నాడు. అది నాకు నచ్చలేదు. గీకి ఇస్తే ఇంక వెతకడానికి ఏమీ మిగలదు. ముక్కలు తెచ్చి అతికించడమే అవుతుంది. ఏమీ చెప్పకుండా వదిలేయడమా, అంతా చేసి ఇచ్చేయడమా అని రెండు రోజులు వాదించుకున్నాం. మధ్యలో ఒకసారి అతనికి కోపం వచ్చింది, ఒకసారి నాకు వచ్చింది. చివరికి నేను అన్నాను, దాచిపెట్టామన్న సంగతి మాత్రం దాచొద్దని. మొదట్లోనే చెప్పేద్దాం. ఇందులో ఒక చిక్కు ఉంది, అదేమిటో మాకు తెలుసు, మీరే వెతుక్కుంటే వెతుక్కోండి, అడిగితే మాత్రం వెంటనే చెప్తాం. అంతే.

"అలా అంటే అందరూ ముందే అడిగేస్తారు మేడమ్. చప్పబడిపోతుంది."

"చూద్దాం. చూడడమే కదా మన పని."

చూశాం. అతను అనుకున్నట్టు జరగలేదు, నేను అనుకున్నట్టూ జరగలేదు. చిక్కు ఉందని తెలిసినవాళ్ళు మునుపటికంటే ఎక్కువసేపు కూర్చున్నారు. తప్పు తమది కాదని ముందే తెలుసు కాబట్టి కాబోలు, చైనా సరుకని ఎవరూ అనలేదు. ఆసుపత్రిలో నర్సు ఒకామె డ్యూటీ దిగి వచ్చి, కూర్చున్న కాసేపటికే, "చెప్పేయండి మేడమ్, నాకు బస్సుంది," అంది. చెప్పాను. చకచకా గీకి, మాట విని, సంతోషంగా కప్పు పట్టుకుపోయింది. వెతికి కనుక్కున్నవాళ్ళకంటే ఆమె సంతోషం తక్కువని నాకనిపించలేదు. మరొక కాలేజీ అమ్మాయి, పక్కనున్న స్నేహితురాలు అడగబోతుంటే, వినను మొర్రో అని రెండు చెవులూ మూసుకుంది. అడిగిన స్నేహితురాలికి మాత్రం చెవిలో చెప్పాల్సి వచ్చింది. ఇదంతా చూశాక ఇన్‌ఛార్జి కార్డు మీద ఆ వాక్యం పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాడు. ఒప్పుకున్నానని మాత్రం నోటితో అనలేదు.

ఆవిడ మళ్ళీ వస్తుందని నేను అనుకోలేదు. రావాలని ఉండేది. ఆసుపత్రి ముందు నుంచి వెళ్ళేటప్పుడు బయట కుర్చీల వైపు చూసేదాన్ని.

వచ్చింది. ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన నల్ల కళ్ళద్దాల బదులు మామూలు కళ్ళజోడు పెట్టుకున్నారు. గుమ్మం దగ్గర మెట్టు సంగతి ఆవిడ చెప్పలేదు. ఆయనే ఆవిడ భుజం మీద చెయ్యి వేసి దాటారు. వాళ్ళింట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను అడగలేదు. కూర్చున్నాక కొత్త కార్డు ఆవిడ చేతికిచ్చాను. ముందు తనలో చదువుకుంది, తరువాత ఆయన కోసం పైకి చదివింది. చదివి నా వైపు ఒకసారి చూసింది.

"చిక్కేంటో నాకు తెలుసండి," అంది ఆయనతో. "చెప్పమంటారా, మీరే చూసుకుంటారా?"

"చెప్పవే. నాకేం కనపడి ఏడిసింది గనకా," అన్నారాయన మామూలుగా.

ఆవిడ తీగ కొస ఆయన వేళ్ళకి అందించింది. ఇక్కడ పూత ఉంటుందండి, ఇది గీకాలి అని సాండ్ పేపర్ మడిచి, దాని మధ్య తీగ పెట్టి ఇచ్చింది. ఆయన లాగారు. మళ్ళీ లాగారు. లాగిన ప్రతిసారీ కొసని బొటనవేలితో తడిమి చూసుకుంటున్నారు. "నునుపు పోయి గరుకొచ్చిందే," అన్నారు ఒకసారి. "ఆఁ, అదే అదే," అంది ఆవిడ. తీగ ఆవిడ చుట్టింది. క్లిప్పులు ఆవిడే తగిలించింది. కప్పు ముందు ఆయన చెవి దగ్గర పెట్టింది.

ఆయన తల పక్కకి వంచి విన్నారు. వింటున్నంతసేపూ నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"సౌండు తక్కువుంది," అన్నారు.

"అంతేనండి ఇది," అన్నాను.

"ఇంకో రెండు వరసలు చుడితే పెరుగుద్దా?"

"చుట్టి చూడండి," అనబోయి ఆగాను. "కొంచెం పెరుగుతుందండి. మరీ ఎక్కువ చుడితే బరువెక్కి మళ్ళీ తగ్గుతుంది."

ఆవిడ తీగ చుట్ట అందుకుంది. ఇంకో రెండు వరసలు చుట్టింది. కొంచెం పెరిగింది. ఆయన కప్పుని జేబురుమాలులో చుట్టించుకుని పట్టుకెళ్ళారు. ఇంటి దగ్గర యాంప్లిఫయర్ లేకపోతే మాట్లాడదని చెప్పాను. తెలుసులే అన్నట్టు తలూపారు. ఆ రోజు ఇద్దరూ టీ తాగారు. ఆవిడ వెళ్ళేటప్పుడు, "ఎల్లొస్తామమ్మా," అంది. ఆ తరువాత వాళ్ళు మళ్ళీ కనపడలేదు. ఆసుపత్రితో పని అయిపోయి ఉంటుంది.

కప్పు స్పీకరుని మొదటిసారి జనం ముందు పెట్టింది సామర్లకోటలో. స్టేషనుకి దగ్గర్లో ఒక కళ్యాణ మండపం తీసుకున్నాం. అంతకు ముందు రోజు పెళ్ళి జరిగినట్టుంది, గుమ్మానికి అరటి పిలకలు ఇంకా కట్టి ఉన్నాయి, నేల మీద అక్షింతలు. బల్లలు వేసి, ప్రతి బల్ల మీదా కార్డు పెట్టాం. రేడియో ఒక్కటే అన్ని యాంప్లిఫయర్లకీ కలిపాం. ఎవరి కప్పు ఎప్పుడు మాట్లాడినా అదే గొంతు, అదే వాక్యం. ముందుగా ఒక మూల నుంచి ఒక ఆడమనిషి కేక వేసింది, "వచ్చింది వచ్చింది" అని. తరువాత ఇంకో మూల. మధ్యాహ్నానికి హాలంతా కప్పులు చెవులకి ఆనించుకున్న మనుషులే. మాటలు వినపడాలని ఒకరినొకరు ఊరుకోమంటున్నారు. ఊరుకోమనడమే పెద్ద గోల అయిపోయింది.

తీగలు లాక్కోవడం అక్కడా ఆగలేదు. ఒక తండ్రి కూతురి చేతిలోంచి తీసుకుని, తనే గీకి, తనే విని, తరువాత ఆ పిల్లకి ఇచ్చాడు. ఆ పిల్ల వినకుండా కప్పు కింద పెట్టేసింది. దానికి ఏం చేయాలో మాకింకా తెలియదు. ఇద్దరి చేతులూ తప్పనిసరిగా కావలసిన పని ఏదైనా కల్పించాలని ఇన్‌ఛార్జి అంటున్నాడు. చెరో కొస పట్టుకుంటే తప్ప నడవనిదేదైనా.

నాకు ఆ రోజు పెద్దగా పని లేకపోయింది. బల్లల దగ్గర వేరేవాళ్ళు ఉన్నారు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. స్టేషను వైపు నుంచి సంచి మోసుకుంటూ వచ్చిన ఒకాయన ఆగి, లోపలికి తొంగి చూసి, "ఏంటండి, పెళ్ళా?" అని అడిగాడు. కాదండీ, కాగితం కప్పులు మాట్లాడతాయి, మీరూ ఒకటి చేసుకోవచ్చు అన్నాను. రైలుకి ఇంకా టైముందో లేదో చూసుకుని, సంచి నా కుర్చీ పక్కన పెట్టి, కొంచెం చూస్తూ ఉండమని చెప్పి లోపలికి వెళ్ళాడు.